ధాత కరువు: గింజ ఉండీ అందని ఊళ్లు
(దత్త మండలాల కథ – తొమ్మిదో భాగం)

గత భాగంలో థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా అనంతపురం కేంద్రంగా దత్త మండలాలను ఎలా కొలిపించాడో, రైతువారీ పద్ధతి ఇక్కడి మెట్ట పొలాల మీద ఎలా కుదురుకుందో చూశాం. వెళ్లిపోతూ శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని ఆయన చేసిన సిఫారసు అప్పుడు నెగ్గలేదు. తిరిగి మద్రాసు గవర్నరుగా వచ్చాకే అది అమలైంది. అక్కడి నుంచి విక్టోరియా రాణి ఏలుబడిలోకి, అందులోనూ ఈ పీఠభూమి మరచిపోలేని రెండేళ్లకు వస్తున్నాం. 1876లో మొదలైన ధాత నామ సంవత్సరం, దాని వెంటే వచ్చిన ఈశ్వర. పాత తరం ఈ రెండేళ్లనూ కలిపి ‘ధాత కరువు’ అంది. వాన రాలేదు, పంట పండలేదు, జనం చచ్చిపోయారు అని మూడు మాటల్లో ఈ కథ ముగించడం మనకు అలవాటు. మొదటి రెండు మాటలూ నిజమే. మూడో మాట వాటి నుంచి దానంతటది రాదు. వాన లేకపోవడానికీ మనిషి చావడానికీ నడుమ ధాన్యం ధర, కూలి డబ్బు, బండెద్దు, సర్కారు ఉత్తర్వు ఉన్నాయి. ధాత కరువులో ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ నడిమి మెట్లేనని ఈ భాగంలో నా వాదన.

ముందు నేల సంగతి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు పల్లెలన్నీ పెనుకొండ తాలూకాలో, ఆ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేవి. జిల్లా కచేరీ ఇక్కడికి నూటయాభై కిలోమీటర్ల పైమాటే. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేస్తే, తూర్పు తీరం దాటి ఈశాన్యం ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది. మామూలు ఏడు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే చోటిది. ఆ కొద్ది వానా రెండు విడతల్లో రావాలి. ఒక విడత తప్పితే రెండోది ఆదుకుంటుందనే ఆశ మీదే కొర్ర, రాగి, జొన్న, ఉలవ సేద్యమంతా నడిచేది. 1876లో నైరుతి తప్పింది, తర్వాత ఈశాన్యమూ తప్పింది. చిత్రావతి పుట్టేది మైసూరు సీమలోని నంది కొండల వైపు. అక్కడా అదే ఎండ. కాబట్టి విజయనగర కాలం నాటి బుక్కపట్నం చెరువుకు ఎగువ నుంచి రావలసిన నీరు కూడా లేదు. చెరువు ఎంత పెద్దదైనా ఏరు పారితేనే కదా నిండేది. ఆ ఏడు పసిఫిక్ సముద్రపు వేడిలో వచ్చిన మార్పు, ఇప్పుడు ఎల్ నినో అంటున్నది, ఉత్తర చైనాను, బ్రెజిల్ ఈశాన్య భాగాన్ని కూడా ఎండబెట్టింది. ఆకాశం చేసిన పని చిన్నదని నేను అనడం లేదు.

అయితే ఈ సీమకు కరువు కొత్త కాదు. విక్టోరియా ఏలుబడిలోనే 1853–54లో, 1865–66లో బళ్లారి జిల్లా కరువు చూసింది. అందుకే ఇక్కడి కాపుదనంలో కరువుకు లెక్క ముందే ఉండేది. మంచి ఏడు వచ్చిన గింజను పాతరలో పోసి మూసేవారు. భూమిలో తవ్విన ఆ గోతిలో జొన్న ఏళ్ల తరబడి నిలిచేది. పాతర ఉన్న ఇల్లు ఒక ఏడు గట్టెక్కేది, దాని నీడలో పని చేసే కూలి ఇల్లూ ఎలాగో ఈడ్చుకొచ్చేది. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ ఈ లెక్క మారింది. శిస్తు గింజల్లో కాదు, రూపాయల్లో కట్టాలి. పండినా పండకపోయినా మెట్ట పొలానికి కట్టవలసిన మొత్తం ముందే ఖాయం. రూపాయి కావాలంటే గింజ అమ్మాలి. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 తర్వాత పత్తి ధర ఆకాశానికి ఎక్కినప్పుడు గుత్తి, తాడిపత్రి నల్లరేగళ్లలో తెల్లబంగారం పండింది, యుద్ధం ముగిశాక ఆ ధర పడిపోయింది. 1871 నాటికి మద్రాసు రైల్వే తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు చేరింది. ఊరి గింజకు పట్నం ధర వచ్చింది. రైతుకు అది మేలే, కాదనలేం. కానీ అదే దారిలో గింజ ఊరు విడిచి వెళ్లింది. పాతరలో ఉండవలసినది వ్యాపారి కొట్టులో చేరింది. కరువు వచ్చాక అది తిరిగి ఊరికి రావాలంటే కొనేవాడి చేతిలో డబ్బు ఉండాలి.

ఇక్కడే ధాత కరువు అసలు రూపం కనిపిస్తుంది. మద్రాసు రేవుకు బెంగాల్ నుంచి, బర్మా నుంచి ఓడల నిండా బియ్యం వచ్చింది. సముద్రపు ఒడ్డున బస్తాలు కొండలుగా పేర్చారు. రైలు వాటిని లోపలి సీమకు మోసింది. కానీ పుట్టపర్తికి దగ్గరి స్టేషన్ ఏది? ధర్మవరం మీదుగా హిందూపురం, బెంగళూరు వెళ్లే లైను ఇంకా పుట్టలేదు, అది 1890ల మొదట్లో వచ్చింది. ఉత్తరాన తాడిపత్రి, గుత్తి చాలా దూరం, దక్షిణాన బెంగళూరు అంతకన్నా దూరం. బండి మీద నాలుగైదు రోజుల దారి. మేత లేక మొదట చచ్చింది ఎద్దే. దారిలో మేత, నీళ్లు దొరకని చోట బండి కట్టిన ఎద్దు తాను మోసే గింజలో వాటా తినాలి. కాబట్టి స్టేషన్లో ఉన్న ధరకూ పల్లెలో ఉన్న ధరకూ పొంతన లేదు. ఆ ధర ఇచ్చి కొనేది ఎవరు? పొలం బీడుపడితే కూలికి పని లేదు. కాపు చేతిలో డబ్బు లేకపోతే చీర కొనేవాడు లేడు, ధర్మవరం మగ్గం ఆగిపోయింది. చర్మం, ఇనుము, కుండ పని చేసేవాళ్లకూ అంతే. 1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన నివేదిక ఇచ్చిన కరువు కమిషనే ఈ మాట ఒప్పుకుంది: దేశం మొత్తం మీద తిండి గింజ చాలినంత ఉంది, కరువు వచ్చిన చోట మొదట పోయింది పని, పనితో పాటు కూలి. నూరేళ్ల తర్వాత, 1981లో అమర్త్య సేన్ బెంగాల్ కరువు మీద చేసిన వాదన మూలం ఇంచుమించు ఇదే. ఏలికల సొంత కాగితాల్లోనే అది ఉంది.

రోగం పనీ కూలీ పోవడమైతే, మందు పని ఇవ్వడం, గింజను ఊరికి చేర్చడం. అది తెలియక చేయలేదా, తెలిసీ ఆపారా అన్నదే ప్రశ్న. తెలుసు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ ప్రభుత్వం 1876 చివర్లో అర్బత్‌నాట్ కంపెనీ ద్వారా గుట్టుగా 30 వేల టన్నుల ధాన్యం కొనిపించింది. ఆ ఏడు ముగిసేసరికి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా సహాయం పొందుతున్నవారు పది లక్షలు దాటారు. కలకత్తాలోని వైస్రాయ్ లిట్టన్‌కు ఈ ధాన్యం కొనుగోలు నచ్చలేదు. సర్కారు బజారులో దిగితే వ్యాపారి వెనక్కి తగ్గుతాడు, కాబట్టి ధరను దాని దారిన వదలాలి అన్నది ఆయన సూత్రం. మద్రాసును అభిశంసించి, ఖర్చు అదుపు చేయడానికి 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఈ టెంపుల్ సంగతి తెలిస్తేనే మనకు విషయం అర్థమవుతుంది. 1873–74లో బీహార్‌లో కరువు వచ్చినప్పుడు ఈయనే బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నులకు పైగా బియ్యం తెప్పించి పంచాడు. అక్కడ ఆకలి చావులు అతి తక్కువ. బీహార్‌లో పంట నష్టం ఇక్కడంత కాదు, పోలిక సరికాదు అనవచ్చు. ఆ తేడాను నేను ఒప్పుకుంటాను. కానీ బీహార్ రుజువు చేసింది ఒక్కటే, ఓడలో గింజ తెచ్చి ఊరికి చేర్చడం ఆ సర్కారుకు చేతనైన పని అని. ఆ పనికి టెంపుల్‌కు మెప్పు రాలేదు, దుబారా చేశాడన్న తిట్టు వచ్చింది. మద్రాసుకు వచ్చినప్పుడు ఆ తిట్టును కడుక్కోవాలన్న పట్టుదలతో వచ్చాడు.

ఆయన పెట్టిన కూలి లెక్క ఇది. కరువు పనిలో మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం ఖరీదు, దానికి తోడు అర అణా. ఆ అర అణాలోనే ఉప్పు, పప్పు, కట్టె అన్నీ. ఇళ్లకు దగ్గరి పని కాకుండా పది మైళ్ల అవతలి పనికి పోతేనే కూలి అన్న నిబంధన ఇంకొకటి, నిజంగా ఆకలి ఉన్నవాడే వస్తాడని. లక్షల మందిని జాబితాల నుంచి తొలగించారు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ లెక్కను శాస్త్రంతో ఎదిరించాడు. మట్టి తవ్వే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దాంతో పప్పూ కావాలని, జైల్లో ఖైదీకి ఇచ్చేది కూడా ఇంతకన్నా ఎక్కువని చూపించాడు. ప్రతి రెండు వారాలకూ కూలీలను తూచి బరువు ఎలా తగ్గుతుందో రాయమన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి ఒకటింపావు పౌనుకు పెంచి పప్పు చేర్చింది. ఎద్దుకు కూడా పని ఉన్న రోజు దాణా ఎక్కువ వేస్తాడు ఇక్కడి కాపు. ఆ చిన్న సంగతి రాజధాని ఆర్థిక శాఖకు తెలియకపోవడం నాకు ఈనాటికీ బాధ కలిగిస్తుంది.

ఖజానాలో డబ్బు లేదు, వెండి ధర పడిపోయి లండన్‌కు కట్టవలసిన మొత్తం భారమైంది, లిట్టన్‌కు వేరే దారి లేదు అనే వాదన ఉంది. ఖజానా ఇబ్బంది నిజమే. కానీ డబ్బు లేనప్పుడు దేనికి ఖర్చు పెట్టారో, ఎవరి నుంచి రాబట్టారో చూస్తే తీర్పు చెప్పడం కష్టం కాదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది. ఆ రోజుకు బళ్లారి జిల్లాలో పల్లెలు ఖాళీ అవుతున్నాయి. 1877–78లో ఇండియా నుంచి ఇంగ్లండుకు 3 లక్షల 20 వేల టన్నుల గోధుమ వెళ్లింది. మనం తినేది గోధుమ కాదు, పంజాబు గోధుమ పెనుకొండకు ఎందుకు వస్తుంది అని అడగవచ్చు. అది ఇక్కడికి రానక్కర్లేదు, ఉత్తరాదిలో నిలిచి ఉంటే గింజల బజారు మొత్తం మీద ధర దిగేది. అన్నింటికన్నా నాకు దారుణంగా తోచేది ఉప్పు పన్ను. కరువు ఇంకా పూర్తిగా వదలకముందే మద్రాసు రాజధానిలో ఉప్పు మీది పన్నును మణుగుకు రూపాయి పదమూడు అణాల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. కరువు రక్షణ కోసమని ఏటా కోటిన్నర రూపాయలు తెచ్చేలా కొత్త పన్నులు వేసి, ఆ డబ్బు అఫ్గాన్ యుద్ధపు రోజుల్లో పక్కదారి పట్టిందని అప్పటి పత్రికలే దుమ్మెత్తిపోశాయి. డబ్బు లేకపోవడమే కారణమైతే గంజి తాగేవాడి ఉప్పు మీద పన్ను పెంచరు.

ఇక చావుల లెక్క. తర్వాత అనంతపురం జిల్లాలో చేరిన తాలూకాల్లో 1871 జనాభా 7 లక్షల 41 వేలు. 1881లో అది 6 లక్షల లోపుకు పడిపోయింది. ఐదుగురిలో ఒకరు లేరు. వీళ్లంతా చచ్చిపోయారా, వలస పోయి ఉండవచ్చు కదా? కొందరు పోయారు, అది సహజం. కానీ ఎక్కడికి పోతారు? మనకు ఆనుకొని ఉన్న మైసూరు సంస్థానమే అదే పదేళ్లలో 50 లక్షల నుంచి 42 లక్షలకు తగ్గింది. ఇటు కడప, కర్నూలు జిల్లాలూ అదే నిప్పులో ఉన్నాయి. పొరుగూళ్లన్నీ ఖాళీ అవుతుంటే వలస ఒక్కటే ఇంత లోటును చెప్పలేదు. రెండో అభ్యంతరం, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కలరాతో, జ్వరంతో పోయారు, ఆకలితో కాదు అన్నది. మరణ రిజిస్టరులో అలాగే ఉంటుంది. 1877 సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు తిరిగి వచ్చాక చలిజ్వరం ఊళ్లను ఊడ్చేసింది. నెలల తరబడి అర్ధాకలితో మట్టి మోసిన ఒంటికి ఆ జ్వరం తట్టుకునే శక్తి లేదు. రిజిస్టరులో జ్వరం అని రాసిన చేయి అబద్ధం రాయలేదు, అంతకు ముందు నెలల్లో జరిగింది రాయడానికి ఆ గడిలో చోటు లేదు.

మూడో అభ్యంతరాన్ని నేను గౌరవంగా తీసుకుంటాను. ఈ సర్కారే లేకుంటే, ఈ రైలే లేకుంటే ఇంకా ఎక్కువమంది పోయేవారు కదా అన్నది అది. పని కేంద్రాలు, గంజి కేంద్రాలు లక్షల ప్రాణాలు నిలిపాయి. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ వంటివారి పట్టుదల వల్ల లండన్ మేయర్ పేర విరాళాలు ఆరు లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఎద్దులు పోయిన కాపుకు ఎద్దు, విత్తనం లేనివాడికి విత్తనం, పైకప్పు అమ్ముకొని తిన్నవాడికి కప్పు ఆ డబ్బుతోనే వచ్చాయి. ఆ మేలును మరవడం మనకు తగదు. కానీ ఈ వాదనే నా పక్షాన కూడా పని చేస్తుంది. పని ఇచ్చిన చోట, గింజ చేర్చిన చోట మనిషి బతికాడంటే, ఇవ్వని చోట, కోసిన చోట పోయిన ప్రాణానికి వానను మాత్రమే తప్పు పట్టలేం.

బకింగ్‌హాం డ్యూక్ గురించి ఒక మాట. మద్రాసులో ఆయన పేర మిగిలిన కాలువను కరువు కూలీలు తవ్విన భాగంతో కలిపి ఇప్పటికీ బకింగ్‌హాం కాలువ అంటున్నాం. ధాత కరువుకు తొమ్మిదేళ్ల ముందు, 1867లో, ఈయన లండన్‌లో వలసల మంత్రి. ఆ ఏడు జూలై 1న ఒంటారియో, క్విబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ కలిసి కెనడా సమాఖ్యగా ఏర్పడినప్పుడు ఆ పదవిలో ఉన్నది ఆయనే. కెనడాకు తన శాసనసభ, తన ఖజానా దక్కాయి. బళ్లారికి కలకత్తా ఉత్తర్వు దక్కింది. అయితే అక్కడి స్వపరిపాలన తెల్ల వలసదారులకే. 1876 ఆగస్టులో, అంటే మన నైరుతి తప్పుతున్న నెలలోనే, కెనడా పడమటి మైదానాల్లోని ఫోర్ట్ కార్ల్‌టన్ దగ్గర క్రీ జాతి పెద్దలు రాణి ప్రతినిధులతో ఆరో ఒడంబడిక చేసుకున్నారు. పెద్ద కరువు గానీ మహమ్మారి గానీ వస్తే రాణి ఆదుకోవాలన్న షరతును వాళ్లు పట్టుబట్టి రాయించుకున్నారు. మూడేళ్లు తిరక్కుండా అడవిదున్నల మందలు అంతరించాయి, ఆకలి వచ్చింది. కెనడా ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రభుత్వం తిండిని కొలిచి, పనికి కట్టి, కేటాయించిన రిజర్వులకు తరలినవాళ్లకే ఇచ్చింది. సంతకం చేయనివాళ్లు చేసేదాకా నిలిపింది. అక్కడ ఎల్ నినో నెపం లేదు, జనాభా కిక్కిరిసిందన్న వాదనా లేదు, రాతపూర్వకమైన మాట ఉంది. అయినా ఆకలిగొన్నవాడు సోమరి అవుతాడేమోనన్న భయంతో తిండిని పరీక్షగా మార్చిన పద్ధతి ఒక్కటే. చిత్రావతి ఒడ్డున జరిగినదాన్ని మన నేల దురదృష్టంగా మాత్రమే చూడకూడదని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

కరువు తర్వాత సర్కారు నేర్చుకున్నది కొంత ఉంది. కమిషన్ నివేదిక మీద 1883లో కరువు నియమావళి తయారైంది. ఎప్పుడు పని మొదలుపెట్టాలి, నేతగాళ్లకు వాళ్ల వృత్తిలోనే సాయం ఎలా, పని చేయలేనివాళ్లకు తిండి ఎలా అన్నవి అందులో రాశారు. దారి లేని సీమల్లో సర్కారే గింజ నిల్వ చేయాలని కమిషన్లోనే జేమ్స్ కెయిర్డ్, మద్రాసు అధికారి సల్లివన్ విడిగా అభిప్రాయం రాశారు. అది నెగ్గలేదు. మన పాతర బుద్ధినే వాళ్లు ఆంగ్లంలో చెప్పారని నాకనిపిస్తుంది. రైలు లైన్లు వచ్చాయి. నీళ్లు మాత్రం రాలేదు. తుంగభద్ర మీద ఆనకట్ట ఆలోచన 1860 నాటిది, ఆర్థర్ కాటన్ చేసినది. 1878లో లండన్‌లో పార్లమెంటు సంఘం ముందు ఆ ముసలి ఇంజనీరు రైళ్లకన్నా కాలువలే ముందు కావాలని మళ్లీ వాదించాడు. ఆ ఆనకట్ట పూర్తయింది 1953లో. ఇంత పెద్ద బళ్లారి జిల్లాను ఒక్క కలెక్టరు చూడలేడని కరువే తేల్చి చెప్పింది. 1882 జనవరి 5న దాన్ని చీల్చి అనంతపురం జిల్లా చేశారు, పెనుకొండ తాలూకాతో పాటు మన పల్లెలు అందులోకి వచ్చాయి. 1901 నాటికి ఆ జిల్లా జనాభా 7 లక్షల 88 వేలు. ముప్పై ఏళ్లలో, 1871 అంకె మీద పెరిగింది 47 వేలు మాత్రమే.

2022 ఏప్రిల్ 4 నుంచి పుట్టపర్తే కొత్త జిల్లాకు కేంద్రం. కచేరీ ఇప్పుడు మన వాకిట్లో ఉంది కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. రెవెన్యూ లెక్కల్లో పేరు ఉండి మనుషులు లేని ఊళ్లను బేచిరాకు గ్రామాలంటారు. బుక్కపట్నం, కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మీకు తెలిసిన బేచిరాకు పేర్లు, అక్కడ మిగిలిన గుడి, బావి, గోడ, ఆ ఊరివాళ్లు ఏ ఊరికి చేరారన్న ముసలివాళ్ల మాట, ఇంట్లో పాత కరణం లెక్కల కాగితం ఏదైనా ఉంటే దాని నకలు, పత్రిక చిరునామాకు రాసి పంపండి. అందులో ఏ ఊరు ధాత కరువులో పాడుబడిందో, ఏది అంతకు ముందో 1871, 1881 జనాభా లెక్కలతో సరిపోల్చి చూద్దాం. వచ్చే భాగంలో ధర్మవరం–పాకాల రైలు దారి, 1891–92 కరువు.